పాత వ్యాన్‌కు తుప్పు: నీరు ఎక్కడ ఆగుతోందో ముందు చూడండి

వెనక చక్రానికి పైన, మడ్‌గార్డ్ వంపు అంచున, రంగు కింద గోరంత పొక్కు లేస్తుంది. వేలితో నొక్కితే కరకరలాడుతూ లోపలికి దిగుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే రంగు పెచ్చుగా ఊడుతుంది, అడుగున ఎర్రటి పొడి రాలుతుంది, పొడి రాలిన చోట చిల్లు మిగులుతుంది. పాత వ్యాన్ ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఇది చూసే ఉంటారు. తుప్పు ఇప్పుడే మొదలైంది, కాస్త రుద్ది రంగేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. కానీ ఆ పొక్కు తుప్పుకు చివరి దశ. రేకు లోపలివైపు నుంచి ఏళ్ల తరబడి తినుకుంటూ వచ్చి, ఇక తినడానికి రంగు పొర తప్ప ఏమీ మిగలనప్పుడు అది బయటికి కనిపించింది. చాప కింద నీరులా అంటాం కదా, ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజం. రబ్బరు మ్యాట్ కింద, ప్లైవుడ్ కింద, వ్యాన్ అడుగుకు కొట్టే మందపాటి పూత (అండర్ కోటింగ్) కింద నీరే ఇదంతా చేసింది.

ఇలాంటప్పుడు నలుగురిని అడిగితే నాలుగు సలహాలు వస్తాయి. ఒకరు మెరిసే దాకా గ్రైండ్ చేయమంటారు. ఒకరు తుప్పు మీదే కన్వర్టర్, అంటే తుప్పును వేరే పదార్థంగా మార్చే ద్రవం, పూస్తే చాలంటారు. జింక్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే జింక్ కలిసిన తొలి పూత) వేయమనేవారు ఒకరు, అడుగంతా తారు కొట్టించమనేవారు మరొకరు. మైనం తప్ప ఏదీ పనిచేయదని ఇంకొకరు ఒట్టేసి చెబుతారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కో పదార్థం తుప్పు ప్రక్రియలో ఒక్కో చోట అడ్డం పడుతుంది. ఏది ఎక్కడ అడ్డం పడుతుందో తెలియకుండా వాడితే మంచి మందు కూడా పనిచేయదు, కొన్నిసార్లు రోగాన్ని పెంచుతుంది కూడా. అందుకే డబ్బా మూత తీసే ముందు, తుప్పు ఎలా పడుతుందో ఒక్కసారి చూద్దాం.

రేకు మీద ఒక చిన్న బ్యాటరీ

ఇనుప రేకు మీద నీటి పొర నిలిస్తే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండానే పక్క చోటికి వెళ్లి అక్కడ నీటితో, ఆక్సిజన్‌తో కలుస్తాయి. కరిగిన ఇనుము నీటిలో తిరుగుతూ చివరికి మనం చూసే ఎర్రపొడిగా మారుతుంది. ఈ బ్యాటరీ నడవడానికి కరిగే లోహం, ఎలక్ట్రాన్లు వెళ్లే దారి, ఆక్సిజన్, తడి కావాలి. మొదటి రెండూ రేకులోనే ఉన్నాయి, వాటిని తీసేయలేం. ఆక్సిజన్ గాలిలో ఉంది. మనకు నిజంగా పట్టు చిక్కేది తడి దగ్గరే.

ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 1920ల్లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యు.ఆర్. ఎవాన్స్ ఇనుము మీద ఉప్పునీటి చుక్క వేసి ఏం జరుగుతుందో చూశాడు. గాలి బాగా అందే చుక్క అంచున ఇనుము పెద్దగా దెబ్బతినలేదు. గాలి సరిగా అందని చుక్క మధ్యభాగంలో కరిగింది. తుప్పుకు ఆక్సిజన్ కావాలి, నిజమే. కానీ ఒకే తడి కింద ఆక్సిజన్ ఒక చోట ఎక్కువగా, ఒక చోట తక్కువగా ఉంటే, తక్కువగా ఉన్న చోటే ఇనుము కరిగిపోతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే వ్యాన్ తుప్పు సగం అర్థమైనట్టే. మడ్‌గార్డ్ లోపల అంటుకున్న మట్టిముద్ద కింద, రెండు రేకులు కలిసే అతుకు సందులో, కాస్త లేచిన రంగు అంచు అడుగున గాలి తక్కువ, తడి ఎక్కువ. బయట గాలికీ వానకీ నిలువెల్లా తడిసే తలుపు మధ్యభాగం ఇరవై ఏళ్లయినా బాగుంటుంది, అదే తలుపు అడుగు మడత మాత్రం గుల్లవుతుంది.

అల్యూమినియం కూడా గాలితో కలిసి ఆక్సైడ్ అవుతుంది. కానీ ఆ పొర గట్టిగా అతుక్కుని కింది లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. అది గుల్లగా, పొలుసులుగా ఉంటుంది, స్పాంజిలా నీటిని పట్టి ఉంచుతుంది. పైగా తాను తినేసిన ఇనుముకంటే కనీసం రెండింతలు, ఒక్కోసారి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. స్పాట్ వెల్డింగ్ చేసిన రెండు రేకుల మధ్య తుప్పు మొదలైతే రేకులు ఉబ్బి విడిపోవడం అందుకే. ఆ ఉబ్బుకు సీలెంట్ పగులుతుంది, పగులులోంచి మళ్లీ నీరు దిగుతుంది.

ఉప్పు సంగతి ఇంకా దారుణం. సముద్రతీరపు గాలిలోనూ, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పులోనూ ఉండే క్లోరైడ్, నీటి పొరలో విద్యుత్తు ప్రవాహాన్ని సులువు చేస్తుంది. ఈ పనిలో అది ఖర్చయిపోదు. తుప్పు గుంటల్లో అలాగే ఉండిపోయి, మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. ఉప్పు లేని శుభ్రమైన ఉక్కుకు గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే గానీ తుప్పు చెప్పుకోదగ్గ వేగం అందుకోదు. ఉప్పు అంటిన ఉక్కుకు అంత తేమ కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఉప్పు గాలిలోని తేమను తానే లాక్కుంటుంది. వాన లేని రోజుల్లో కూడా తుప్పు ముందుకు పోవడానికి ఇదొక కారణం.

వ్యాన్‌కే ఎందుకింత బాధ

కారుకూ తుప్పు పడుతుంది. వ్యాన్‌కు మాత్రం కొన్ని ప్రత్యేకమైన శాపాలున్నాయి. పెద్ద పెద్ద పలచని రేకులు, వాటి వెనక పక్కటెముకల్లాంటి బోలు గొట్టాలు, అడుగున పెట్టెల్లా మూసిన సెక్షన్లు ఉంటాయి. బాడీ రేకు మందం సాధారణంగా 1 మిల్లీమీటరు లోపే. ఆ బోలు భాగాల్లోకి నీరు ఎలాగూ చేరుతుంది. తయారు చేసినవాళ్లకూ అది తెలుసు, అందుకే అడుగున నీరు కారిపోయే రంధ్రాలు పెట్టారు. ఏళ్ల తరబడి మట్టి, ఆకులు, పాత అండర్ కోటింగ్ కలిసి ఆ రంధ్రాలను మూసేస్తాయి. అక్కడి నుంచి ఆ సెక్షన్ నీటితొట్టి.

సరుకు మోసే వ్యాన్‌లో నేల మీద ప్లైవుడ్ లేదా రబ్బరు మ్యాట్ ఉంటుంది. తడి చెప్పులు, తడి సరుకు, ఒలికిన ద్రవాలు అన్నీ దాని అంచుల్లోంచి దిగుతాయి, ఆరడానికి దారి ఉండదు. ప్లైవుడ్‌ను బిగించడానికి రేకులోకి దించిన ప్రతి స్క్రూ చుట్టూ రంగు లేని ఉక్కు అంచు ఒకటి తయారవుతుంది. పై కప్పు క్యారియర్ కోసం వేసిన రంధ్రాలదీ ఇదే కథ. పడుకునేలా మార్చుకున్న వ్యాన్లలో ఇంకో సమస్య చేరుతుంది. రాత్రంతా మనుషులు వదిలే ఊపిరి, వంట ఆవిరి చల్లటి రేకుకు తగిలి నీటి బిందువులవుతాయి. ఉన్ని లాంటి ఇన్సులేషన్‌ను రేకుకు సరిగా అంటించకుండా వెనక సందు వదిలితే ఆ నీరంతా అక్కడే తిరుగుతుంది. అందంగా చెక్క పలకలు కొట్టిన గోడ వెనక ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. పైన పటారం, లోన లొటారం.

కాబట్టి వెతకాల్సిన చోట్లు ముందే చెప్పొచ్చు. తలుపుల అడుగు మడతలు, స్లైడింగ్ డోర్ పట్టాల గాడి, తలుపుల కింద బోలుగా ఉండే సిల్ భాగం, వెనక తలుపు దగ్గర కాలు పెట్టి ఎక్కే మెట్టు, ముందు అద్దం రబ్బరు బీడింగ్ కింది మూలలు, కప్పు అంచున నీరు పారే గాడి, బ్యాటరీ కూర్చునే పళ్లెం, జాకీ పెట్టే చోట్లు. వీటన్నిటికంటే ముందు చూడాల్సినవి కమాను కట్టలు, సస్పెన్షన్, సీటు బెల్టు బిగించిన చోట్లు. అందం పాడైతే రంగు వేసుకోవచ్చు, ఇవి విరిగితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

చూడటం అంటే కేవలం కళ్లతో చూడటం కాదు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లాలి. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట మొనతో గట్టిగా పొడవాలి. పొడిస్తే చిల్లు పడుతుందేమో అని టెన్షన్ పడొద్దు, అలా పడే చిల్లు ఇప్పటికే ఉన్నట్టు లెక్క. పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకుని మడ్‌గార్డ్ వంపుల మీద నడిపిస్తే, పట్టు సడలిన చోట పుట్టీ మందంగా ఉందని తెలుస్తుంది. వ్యాన్ కొనే ముందు ఇది తప్పకుండా చేయాలి. నేలమ్యాట్ ఎత్తనివ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

తీయడం: ఇక్కడే అసలు పని

రంగు వేయడానికి పట్టే సమయంకంటే తుప్పు తీయడానికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. పట్టకపోతే ఏదో వదిలేసినట్టే. మొదట మట్టి, గ్రీజు, పాత మైనం పూర్తిగా కడిగి, థిన్నర్ లాంటి ద్రావకంతో తుడవాలి. ఇది చేయకుండా ఎమరీ పెడితే గ్రీజును, ఉప్పును గీతల్లోకి రుద్దినట్టవుతుంది.

తర్వాత గ్రైండర్. చాలామంది తిరిగే వైర్ బ్రష్‌తో మొదలుపెట్టి, రేకు నల్లగా మెరిశాక పని అయిపోయిందనుకుంటారు. ఆ మెరుపు చాలాసార్లు మోసం. వైర్ బ్రష్ వదులుగా ఉన్న తుప్పును లేపుతుంది కానీ గుంటల్లో ఉన్నదాన్ని నునుపుగా పాలిష్ చేసి వదిలేస్తుంది. ఆ నున్నటి ఉపరితలం మీద ప్రైమర్ పట్టు కూడా అంతంత మాత్రమే. పెచ్చులు లేపడానికి వైర్ బ్రష్, ఆ తర్వాత రేకు తెల్లగా కనిపించేదాకా ఎమరీ డిస్క్ అనే వరస మంచిది. డిస్క్ అతిగా నొక్కితే పలచటి రేకు ఇంకా పలచబడుతుంది, వేడికి వంకర పోతుంది. ఇసుక పేల్చి శుభ్రం చేసే పద్ధతి గుంటల్లోకి కూడా చేరుతుంది కాబట్టి ఛాసిస్‌కు (బాడీని మోసే అడుగు చట్రానికి), మందపాటి భాగాలకు అంతకంటే మంచిది లేదు. అదే పెద్ద బాడీ రేకు మీద ఒత్తిడితో కొడితే రేకు అలలు అలలుగా తయారవుతుంది.

తుప్పు అంచు ఎక్కడ ఆగిందో రంగు పైనుంచి తెలియదు. పొక్కు చుట్టూ రంగు కింద సన్నటి దారాల్లా తుప్పు పాకి ఉంటుంది. పొక్కు వేలెడు ఉంటే అరచేయంత రంగు తీయాల్సి రావచ్చు. శుభ్రమైన లోహం అన్ని వైపులా కనిపించేదాకా తీస్తూ పోవాలి. మనసు ఒప్పుకోకపోయినా తీయాలి.

గుంటల్లో మిగిలినదాని సంగతికి వస్తే, కన్వర్టర్ చోటు ఇదే. కన్వర్టర్లు ప్రధానంగా రెండు రకాలు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్నది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. టానిక్ యాసిడ్ ఉన్నది నీలం కలిసిన నల్లటి ఐరన్ టానేట్‌గా మారుస్తుంది. ఈ రెండో రకం చాలా డబ్బాల్లో పొర కట్టే పాలిమర్ కూడా కలిపి ఉంటుంది, అందుకే అది ప్రైమర్‌లా కనిపిస్తుంది. రెండింటికీ పని చేయడానికి తుప్పు కావాలి, కానీ పలచగా, లోహానికి గట్టిగా అతుక్కుని ఉన్న తుప్పు మాత్రమే కావాలి. మందపాటి పొలుసుల మీద పూస్తే పైపొర నల్లబడుతుంది, కింద తుప్పు బ్యాటరీ మామూలుగా నడుస్తుంది. కన్వర్టర్ మోసం అనేవాళ్లలో చాలామంది ఇలా వాడినవాళ్లే. నేనూ మొదట్లో ఇలాగే వాడాను. ఏడాది తిరిగేసరికి ఆ నల్లపొర పెంకులా లేచింది.

ఫాస్ఫారిక్ రకంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఆమ్లం మిగిలిపోతే దాని మీద ఎపాక్సీ ప్రైమర్ సరిగా అతుక్కోదు. డబ్బా మీద కడగమని ఉంటే కడగాలి, కడిగిన వెంటనే ఆరబెట్టాలి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ తుప్పును నిమిషాల్లో తినేస్తుందని వాడేవాళ్లున్నారు. దాన్ని బాడీకి దూరంగా ఉంచండి. అది వదిలే క్లోరైడ్, దాని ఆవిరి చుట్టుపక్కల ఉన్న మంచి ఇనుముకు కూడా తుప్పు పట్టిస్తాయి. విప్పగలిగే చిన్న భాగాలను సిట్రిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టడం చాలా మెరుగు. అయితే సస్పెన్షన్ లాంటి చోట్ల వాడే అధిక బలం గల బోల్టులను ఏ ఆమ్లంలోనూ వేయొద్దు. హైడ్రోజన్ లోపలికి చేరి అవి పెళుసుబారి, చెప్పాపెట్టకుండా విరిగిపోతాయి. వాటికి కొత్తవి వేయడమే దారి. తుప్పు పట్టిన బ్రేక్ పైపుకు కూడా మందు లేదు, మార్చాల్సిందే.

ఉప్పు తగిలిన వ్యాన్ అయితే ఒక పరీక్ష చేయండి. లోహం శుభ్రం చేశాక మంచినీటితో బాగా కడిగి, ఆరబెట్టి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున చూస్తే గుంటల అడుగున నల్లటి, గోధుమరంగు చుక్కలు మళ్లీ కనిపిస్తే ఉప్పు ఇంకా అక్కడే ఉందన్నమాట. మళ్లీ కడగాలి, మళ్లీ రుద్దాలి. ఆ ఉప్పు మీదే ప్రైమర్ వేస్తే అది రంగు గుండా తేమను లోపలికి లాగి పొక్కులు లేపుతుంది. ఓపికను పరీక్షించే పని ఇది, కానీ దీన్ని దాటేస్తే తర్వాతి ఖర్చంతా వృథా.

పొరల వరస

ఎపాక్సీ ప్రైమర్, జింక్ ప్రైమర్ రెండూ మంచివే, వాటి పద్ధతి వేరు. ఎపాక్సీ గోడ కడుతుంది. నీరు, ఆక్సిజన్, ఉప్పు లోహానికి చేరకుండా దట్టంగా అడ్డం నిలుస్తుంది. జింక్ బలి అవుతుంది. లోహం ఎంత సులువుగా కరుగుతుందో చెప్పే కొలత ప్రామాణిక విద్యుత్ పొటెన్షియల్, అది ఎంత తక్కువైతే అంత సులువు: జింక్‌ది మైనస్ 0.76 వోల్టులు, ఇనుముది మైనస్ 0.44. రెండూ తగులుతూ తడిస్తే ముందు జింక్ కరుగుతుంది, ఇనుము నిలుస్తుంది. తగులుతూ అన్న మాటే ఇక్కడ ముఖ్యం. జింక్ రేణువులకు ఇనుముతో నేరుగా విద్యుత్ సంబంధం ఉండాలి. తుప్పు మీదో, కన్వర్టర్ మీదో, పాత రంగు మీదో జింక్ ప్రైమర్ వేస్తే ఆ సంబంధం తెగిపోతుంది, అది ఖరీదైన బూడిదరంగు మాత్రమే. కాబట్టి పూర్తిగా శుభ్రమైన లోహానికి జింక్, గుంటలూ కన్వర్టర్ మిగిలిన చోట ఎపాక్సీ. నా మట్టుకు నేను ఇంటి దగ్గర చేసుకునే పనికి ఎపాక్సీనే నమ్ముతాను, ఎందుకంటే జింక్ కోరేంత శుభ్రత గ్రైండర్‌తో సాధించడం కష్టం.

రెడ్ ఆక్సైడ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఎర్రగా ఉంటే తుప్పును ఆపుతుందనే నమ్మకం సీసపు ఎరుపు వాడిన రోజుల నుంచి వచ్చింది. ఆ సీసం నిజంగానే తుప్పును అణిచేది, విషం కాబట్టి దాన్ని పక్కన పెట్టారు. ఇప్పటి రెడ్ ఆక్సైడ్‌లో ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. ఆ రంగుకు తుప్పును ఆపే గుణం ఏమీ లేదు, పని ఏదైనా చేస్తే అందులో కలిపిన మిగతా పదార్థాలు చేయాలి. సాధారణ ప్రైమర్ పొర సన్నటి రంధ్రాలతో ఉంటుంది, తేమను పీల్చుకుంటుంది. ప్రైమర్ కొట్టి, రంగు తర్వాత చూద్దాంలే అని నెలలు బయట వదిలేసిన వ్యాన్ మళ్లీ మొదటికొస్తుంది.

పుట్టీ కూడా నీటిని పీల్చుకునేదే. అది గుంటను సమం చేయడానికే పనికొస్తుంది, చిల్లును మూయడానికి పనికిరాదు. చిల్లు వెనక జాలీ పెట్టి పుట్టీ నింపితే రేకు వెనకవైపు నుంచి తడి తాకుతూనే ఉంటుంది, పొక్కు అదే చోట మళ్లీ లేస్తుంది. ఎపాక్సీ ఆరాక దాని మీద పుట్టీ, అతుకుల్లో సీలెంట్, ఆపైన రంగు అనే వరస పాటిస్తే తడి లోహానికి చేరే దారులు తగ్గుతాయి. రంగు వేసే రోజు ఎన్నుకోవడంలో కూడా విషయం ఉంది. రేకు ఉష్ణోగ్రత, మంచు బిందువులు ఏర్పడే ఉష్ణోగ్రతకంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలనేది పెయింట్ పనిలో పాటించే నియమం. చల్లటి పొద్దుటిపూట రేకు మీద కంటికి కనిపించని తడి ఉంటుంది.

చిల్లు పడిన చోట వెల్డింగ్ తప్ప మార్గం లేదు. తిన్న రేకును మంచి లోహం వచ్చేదాకా కోసి, కొత్త రేకు కలపాలి. తిన్నదాని మీదే ముక్క అతికిస్తే రెండు రేకుల మధ్య తడి ఆగే కొత్త సందు తయారవుతుంది, ఎవాన్స్ చుక్క మధ్యభాగం లాంటిదే. వెల్డింగ్ వేడికి వెనకవైపు రంగు, మైనం కాలిపోతాయి. బయట అందంగా రంగేసి లోపలివైపు మరిచిపోవడం చాలా షెడ్లలో జరిగే పొరపాటు, అతుకు మళ్లీ తుప్పు పట్టేది అక్కడి నుంచే. ఛాసిస్, సిల్, సస్పెన్షన్ చోట్ల వెల్డింగ్ అనుభవం ఉన్నవాళ్లకే వదలాలి.

అడుగు భాగం: తారా, మైనమా?

ఒకసారి వ్యాన్ అడుగంతా నల్లటి మందపాటి కోటింగ్ కొట్టించాను. కొత్తదానిలా కనిపించింది, నిశ్చింతగా ఉన్నాను. రెండేళ్ల తర్వాత ఒక మూల లేచినట్టుంటే లాగి చూశాను. మూరెడు పొర ఒక్కసారిగా ఊడొచ్చింది, దాని లోపలివైపు నా వ్యాన్ నేల ఎర్రటి పొలుసులుగా అతుక్కుని ఉంది. శుభ్రం చేయకుండా, ఆరకుండానే తుప్పు మీద కొట్టేశారు. ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

తారు, రబ్బరు కలిసిన గట్టి కోటింగ్ కొత్త, శుభ్రమైన అడుగుకు రాళ్ల దెబ్బ నుంచి మంచి రక్షణ. కానీ వయసుతో అది గట్టిపడుతుంది, పగులుతుంది. పగులులోంచి దిగిన నీరు పొరకూ రేకుకూ మధ్య పాకుతుంది, ఆరే దారి ఉండదు. బయటికేమో నల్లగా నిగనిగలాడుతుంది. పాత వ్యాన్ విషయంలో ఇది రక్షణకంటే ముసుగుగానే ఎక్కువ పనిచేస్తుంది. మైనం, నూనె, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అవి పూర్తిగా గట్టిపడవు. అతుకుల్లోకి, పొలుసుల సందుల్లోకి పాకి నీటిని పక్కకు నెడతాయి, చిన్న గీత పడితే కొంతవరకు మళ్లీ పరుచుకుంటాయి. పలచగా ఉంటాయి కాబట్టి కింద ఏం జరుగుతోందో కనిపిస్తుంది. వీటి లోపం ఒక్కటే, చక్రాలు చిమ్మే నీటికి కడుక్కుపోతాయి. ఏడాదికోసారి మళ్లీ పూయాలి. తుప్పు ఇప్పటికే ఉన్న పాత వ్యాన్‌కు ఆ ఏటేటా పనే నేను ఎంచుకుంటాను. పెట్రోలియం నూనెలు సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తాయి కాబట్టి వాటికి తగలనివ్వొద్దు. బ్రేక్ డిస్కులు, సైలెన్సర్ మీద ఏదీ పడకూడదు.

బయటికంటే ముఖ్యమైనది బోలు సెక్షన్ల లోపలి భాగం. అక్కడికి బ్రష్ పోదు, ఎమరీ పోదు. కర్మాగారంలో బాడీని మొత్తంగా రంగుతొట్టిలో ముంచి విద్యుత్తుతో పూత వేసినా, మూల మడతల్లో అది పలచగానే ఉంటుంది. చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి సన్నని గొట్టంతో, ఉన్న రంధ్రాల గుండానే లోపలికి మైనం కొట్టాలి. గొట్టాన్ని చివరిదాకా దూర్చి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ చిమ్మాలి. ముందు లోపల పూర్తిగా ఆరి ఉండాలి, వెచ్చటి రోజైతే మైనం బాగా పాకుతుంది. అడుగు రంధ్రాల్లోంచి మైనం చుక్కలుగా కారితే లోపలంతా తడిసిందని గుర్తు. కారడం ఆగాక ఒక పుల్లతో ఆ రంధ్రాలను మళ్లీ తెరవాలి, లేకపోతే కాపాడాలని కొట్టిన మైనమే నీటిని బంధిస్తుంది. దాని ఆవిరికి మంట అంటుకుంటుంది కాబట్టి వెల్డింగ్ పనులన్నీ దీనికి ముందే అయిపోవాలి.

వ్యాన్ బ్యాటరీకి తగిలించి తుప్పును ఆపుతామని అమ్మే ఎలక్ట్రానిక్ పరికరాల గురించి కూడా అడుగుతుంటారు. విద్యుత్తుతో లోహాన్ని కాపాడటం నిజమైన శాస్త్రమే. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉన్న రాగి రేకులను కాపాడటానికి వాటికి వేరే లోహపు ముక్కలు తగిలించి ఆ దారి చూపాడు. ఓడలకు, భూమిలోని పైపులకు నేటికీ ఆ సూత్రమే వాడుతున్నారు. కానీ అవి నీటిలో, తడిమట్టిలో మునిగి ఉంటాయి, విద్యుత్ వలయం వాటి గుండా పూర్తవుతుంది. రోడ్డు మీద వ్యాన్ చుట్టూ ఉండేది గాలి. ఎక్కడో ఒక మూల ఉన్న తడిచుక్కకు ఆ పరికరం నుంచి వెళ్లే దారే లేదు. ఆ డబ్బుతో మైనం కొనుక్కోవచ్చు.

ఒళ్లు జాగ్రత్త

జాకీ ఒక్కదాన్నే నమ్మి వ్యాన్ కింద దూరొద్దు, గట్టి నేల మీద స్టాండ్లు తప్పనిసరి. గ్రైండర్ పట్టినప్పుడు పక్కలు మూసిన కళ్లద్దాలు పెట్టుకోండి, తుప్పు పొలుసు కంట్లో గుచ్చుకుంటే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తుంది. బాగా పాత రంగుల్లో సీసం, క్రోమేట్ ఉండొచ్చు, వాటిని పొడిగా రుద్దకుండా వాటర్ పేపర్‌తో తడిగా రుద్దడం మేలు. హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపే చాలా పెయింట్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, మామూలు గుడ్డ మాస్క్ వాటిని ఆపదు, బయటి నుంచి గాలి అందించే మాస్క్ కావాలి. అది లేకపోతే స్ప్రే పని షెడ్‌కు అప్పగించండి. జింక్ పూత ఉన్న రేకు వెల్డింగ్ పొగ జ్వరం తెప్పిస్తుంది. పెట్రోల్ ట్యాంక్, పైపుల దగ్గర నిప్పు పని సొంతంగా చేయొద్దు.

రోజువారీ కాపలా

ఉప్పు తగిలిన ప్రతిసారీ అడుగు భాగాన్ని మంచినీటితో కడగాలి. నీటి పరిమాణం ముఖ్యం, ఒత్తిడి కాదు. ప్రెజర్ వాషర్ మొనను అతుకుల దగ్గరగా పెడితే నీరు లోపలికి తోసుకుపోతుంది. మడ్‌గార్డ్ లోపలి పెదవి మీద పేరుకున్న మట్టిని చేతి వేళ్లతో తీసేయాలి. రాయి తగిలి రంగు లేచిన చుక్కను ఆ వారంలోనే శుభ్రం చేసి కప్పితే పది నిమిషాల పని. కొత్త రంధ్రం వేస్తే దాని అంచుకు ప్రైమర్, ఆపైన సీలెంట్ పడాలి.

ఎక్కడ నిలుపుతున్నారన్నదీ చూసుకోవాలి. ఉప్పుతో తడిసిన వ్యాన్‌ను వెచ్చగా ఉండే మూసిన గ్యారేజీలో పెడితే, బయట గడ్డకట్టే చలిలో ఉన్నదానికంటే త్వరగా తుప్పు పడుతుంది, వేడి ఈ చర్యను వేగవంతం చేస్తుంది కాబట్టి. పైకప్పు ఉండి గాలి ఆడే చోటు అన్నిటికంటే మంచిది. తడి మీద టార్పాలిన్ కప్పడం మాత్రం తుప్పుకు దుప్పటి కప్పడమే. నేలమ్యాట్‌ను ఏడాదికి రెండుసార్లు ఎత్తి చూడండి. లోపల పడుకునేవాళ్లు రాత్రి గాలి ఆడే మార్గం తెరిచి ఉంచుకోవాలి, చల్లగా ఉన్నా సరే.

నిన్న నా వ్యాన్ స్లైడింగ్ డోర్ అడుగు రంధ్రాల్లో పుల్ల పెట్టి తిప్పాను. వాన పడి నాలుగు రోజులైంది, అయినా గ్లాసుడు నల్లటి నీరు కారింది. తలుపు లోపలి అట్ట విప్పి చూస్తే మడతలో సన్నటి ఎర్రటి గీత మొదలైంది, గోటితో గీకితే కింద ఇంకా గట్టి లోహమే ఉంది. ఫ్యాన్ పెట్టి ఆరబెడుతున్నాను. రేపు ఎండ బాగా కాస్తే మైనం కొడతాను.